మ్యాచ్ మధ్యలో కెమెరా హీటెక్కి ఆగిపోతోందా? ఇలా చేసి చూడండి

తెనాలి, బాపట్ల, రేపల్లె గ్రౌండ్లలో మిర్రర్‌లెస్ కెమెరాతో మ్యాచ్‌లు తీసేవాళ్లకు ఒకటే టెన్షన్.. ఆఖరి ఓవర్లో కెమెరా ఆగిపోతే? ఆటకు రీటేక్ ఉండదు కదా!

ఎందుకు వేడెక్కుతుంది?
వీడియో తీస్తున్నంతసేపూ సెన్సర్, ప్రాసెసర్ ఆగకుండా పనిచేస్తాయి. చాలా మోడళ్లలో ఫ్యాన్ ఉండదు. వేడంతా బాడీ నుంచే బయటకు పోవాలి. సాధారణంగా ఈ కెమెరాలకు కంపెనీలు చెప్పే పరిమితి 40 డిగ్రీలు. మన ఎండలో నల్లటి బాడీ అది ఇట్టే దాటేస్తుంది. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5లో 8కే రికార్డింగ్ సుమారు 20 నిమిషాలేనని కంపెనీయే చెప్పింది.

ఏం చేయాలి?
* 4కే 60 బదులు ఫుల్ హెచ్‌డీలో 25 లేదా 30 ఫ్రేములు పెట్టండి. ఫోన్లో చూసేవాళ్లకు అది చాలు.
* సోనీ అయితే మెనూలో 'ఆటో పవర్ ఆఫ్ టెంప్' ఆప్షన్‌ను 'హై' చేయండి. బాడీ బాగా కాలుతుంది కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి.
* స్క్రీన్‌ను బాడీకి దూరంగా తిప్పండి. కెమెరాకు గొడుగు పట్టండి.
* కబడ్డీలో హాఫ్‌టైమ్ 5 నిమిషాలు, క్రికెట్లో ఇన్నింగ్స్ బ్రేక్.. అప్పుడు పూర్తిగా ఆఫ్ చేయండి.
* ఐస్ పెట్టొద్దు. తీరం గాలిలో తేమ ఎక్కువ, లోపల చెమ్మ పడుతుంది.

కొన్ని పాత మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. అది వేడి వల్ల కాదు, రికార్డింగ్ లిమిట్. వెంటనే మళ్లీ బటన్ నొక్కితే సరి. ఏదైనా సరే, మ్యాచ్‌కు ముందు రోజు అదే ఎండలో ఓ గంట టెస్ట్ చేసుకోండి.