వాటర్ పంపు లీకు: గాస్కెట్ చేసే పని

పెట్రోలు ఇంజనులో మండిన ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతు. ఇంకో మూడో వంతు పొగతో పాటు సైలెన్సరు గుండా పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం వేడిగా మారి సిలిండరు గోడల్లోకీ హెడ్డులోకీ దిగుతుంది. మంట రగిలిన క్షణంలో సిలిండరు లోపలి వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్ల తయారీకి వాడే అల్యూమినియమేమో 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అయినా ఇంజను బతికి బట్టకడుతోందంటే ఆ గోడల వెనక ఆగకుండా తిరిగే నీరే కారణం. ఆ నీటిని తిప్పేది వాటర్ పంపు. పంపును ఇంజను బ్లాకుకు బిగించే చోట, రెండు లోహపు ముఖాల నడుమ ఇరుక్కుని ఉండే పలుచని పొర గాస్కెట్.

పంపు లేకపోతే నీరు అసలు తిరగదని కాదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, రేడియేటరులో చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. ఫోర్డ్ కంపెనీ 1908లో తెచ్చిన మోడల్ టీ కార్లలో మొదటి 2500 బండ్లకు పంపు పెట్టి, తర్వాత దాన్ని తీసేసింది. 1927లో ఆ మోడల్ ఆగిపోయేదాకా ఈ సహజ ప్రవాహమే దాని ఇంజనును చల్లబరిచింది. 20 హార్స్ పవర్ ఇంజనుకు అది చాలింది. ఇంజన్ల శక్తి పెరిగేకొద్దీ నీటిని బలవంతంగా తిప్పక తప్పలేదు. పంపు వచ్చింది, దానితో పాటే కారడానికి కొత్త చోట్లూ వచ్చాయి.

కారులోని పంపు సూత్రం ఇంటి పైట్యాంకుకు నీళ్లెక్కించే మోనోబ్లాక్ మోటారుదే. ఇరుసు ఒక కొనకు రెక్కల చక్రం, రెండో కొనకు బెల్టు పుల్లీ ఉంటాయి. రెక్కల చక్రాన్ని ఇంపెల్లరు అంటారు. అది తిరిగినప్పుడు నీరు అంచుల వైపు విసిరేసినట్టు వెళ్తుంది. దాంతో మధ్యలో ఒత్తిడి తగ్గి, రేడియేటరు కింది హోసు పైపు నుంచి చల్లని నీరు లోపలికి వస్తుంది. తిరిగే ఇరుసుకూ కదలని బాడీకీ మధ్య నీరు బయటికి రాకుండా ఒక సీలు ఉంటుంది. స్ప్రింగు ఒత్తిడితో రెండు నున్నని వలయాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నీటిని ఆపుతాయి. ఆ వలయాల మధ్య కందెనగా పనిచేసేది కూడా ఇంజనులో తిరిగే ఈ నీటి (కూలెంటు) పొరే కాబట్టి, కాస్త తేమ ఎప్పుడూ దాటుతూనే ఉంటుంది. అది బేరింగులోకి పోకుండా బయటికి వదలడానికి పంపు బాడీ అడుగున పెన్సిలు ములుకు పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని వీప్ హోల్ అంటారు. పంపు కారుతోందన్నప్పుడు మొట్టమొదట తేల్చుకోవాల్సింది, నీరు ఈ రంధ్రం నుంచి వస్తోందా, బ్లాకుకూ పంపుకూ మధ్య అతుకు నుంచి వస్తోందా అన్నది. మొదటిదైతే పోయింది సీలు, మార్చాల్సింది పంపు. రెండోదైతేనే గాస్కెట్.

గాస్కెట్ నీళ్లను ఆపే వస్తువు అనుకోవడం మామూలే. నిజానికి ఆపేది బోల్టుల బిగువు. మిల్లింగు చేసిన లోహపు ముఖం కంటికి ఎంత నున్నగా కనిపించినా దాని మీద యంత్రం వదిలిన గీతలు, సన్నని ఎత్తుపల్లాలు ఉంటాయి. లోహాన్ని లోహంతో నేరుగా బిగిస్తే ఆ గీతలన్నీ నీటికి కాలువలే. ఇలాంటి సన్నని సందులోంచి కారే నీటి పరిమాణం సందు ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది. ఎత్తు సగమైతే కారే నీరు ఎనిమిదో వంతవుతుంది, ఎత్తు పదో వంతైతే వెయ్యో వంతుకు పడిపోతుంది. మెత్తని పొరను మధ్యలో పెట్టి నొక్కితే అది ఆ పల్లాల్లోకి ఒదిగి సందులను దాదాపు మూసేస్తుంది. అందుకు పొర మెత్తగా ఉండాలి, నొక్కుడు బలంగా ఉండాలి.

ఆ బలం ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యమే. 6 మిల్లీమీటర్ల బోల్టును 10 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగిస్తే, ఆ శ్రమలో దాదాపు 90 శాతం బోల్టు తల కిందా మరల్లోనూ రాపిడికే పోతుంది. మిగిలిన కొద్దిపాటితోనే బోల్టు సుమారు 850 కిలోల బలంతో పంపును బ్లాకుకు అదుముతుంది. ఐదు బోల్టులుంటే నాలుగు టన్నులు దాటుతుంది. లోపల నీటి ఒత్తిడి చూస్తే, రేడియేటరు మూత మీద రాసి ఉండే 1.1 కిలోల అంకె ప్రకారం, చదరపు సెంటీమీటరుకు అంతే. 8 సెంటీమీటర్ల వ్యాసమున్న పంపు ముఖాన్ని అది నెట్టేది మొత్తం మీద 55 కిలోలతో. 55 కిలోలను ఆపడానికి నాలుగు టన్నులు దండగలా కనిపిస్తుంది కానీ, బోల్టు పక్కనే కాకుండా రెండు బోల్టుల నడుమ, అన్నిటికంటే బిగువు తక్కువగా ఉండే చోట కూడా పొర గట్టిగా నలిగి ఉండాలంటే అంత కావాలి. లీకులు ఎక్కువగా బోల్టులకు దూరంగా ఉండే ఈ మధ్య భాగాల్లోనే మొదలవుతాయి.

కాలం గడిచేకొద్దీ ఈ బిగువు సడలుతుంది. కాగితపు పీచుతో చేసిన గాస్కెట్ వేడికి నలుగుతూ పలచబడుతుంది. అది పలచబడినంత మేరా బోల్టు సాగుడు తగ్గి, అదిమే బలమూ తగ్గుతుంది. అల్యూమినియం పంపును పోత ఇనుము బ్లాకుకు బిగించిన ఇంజన్లలో ఇంకో చిక్కుంది. 10 సెంటీమీటర్ల అల్యూమినియం 80 డిగ్రీలు వేడెక్కితే 0.18 మిల్లీమీటర్లు సాగుతుంది. పోత ఇనుము సాగేది అందులో సగమే. ఇంజను వేడెక్కినప్పుడల్లా, చల్లారినప్పుడల్లా ఆ తేడా మేరకు రెండు ముఖాలూ గాస్కెట్‌ను చెరో వైపు లాగుతాయి. వెంట్రుక మందమంత కదలికే అయినా ఏళ్ల తరబడి రోజూ జరుగుతుంది.

కూలెంటు కూడా తన వంతు చెరుపు చేస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో సగం సగం కలిపిన కూలెంటులో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి. గడువు దాటాక అవి అయిపోయి ద్రవం ఆమ్ల గుణానికి తిరుగుతుంది, గాస్కెట్ అంచున అల్యూమినియాన్ని గుంతలుగా తినేస్తుంది. కూలెంటు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా హానికరం. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరు నీరు కఠిన జలమే. కెటిల్ అడుగున కట్టే తెల్లని పెచ్చే రేడియేటరు గొట్టాల్లోనూ కడుతుంది, అతుకుల దగ్గర పేరుకుంటుంది. కూలెంటులో కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్.

లీకు ఎప్పుడూ బండి కింద మడుగు కట్టి కనబడుతుందనుకుంటే పొరపాటే. వేడి బ్లాకు మీద పడిన నీరు నేల దాకా రాకుండానే ఆవిరైపోతుంది. మిగిలేది అతుకు వెంబడి ఎండిన చార మాత్రమే. కూలెంటు రంగును బట్టి అది పచ్చగానో గులాబీగానో తెల్లగానో ఉండి, గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. ఖచ్చితంగా తెలియాలంటే చల్లని ఇంజను మీద రేడియేటరు మూత తీసి, అక్కడ ఒత్తిడి మీటరున్న చేతి పంపు తగిలించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొట్టాలి. ముల్లు దిగుతుంటే టార్చిలైటుతో అతుకు చుట్టూ, వీప్ హోల్ దగ్గరా వెతకాలి. పుల్లీని పైకీ కిందికీ పట్టి ఊపినప్పుడు ఆడితే బేరింగు అరిగినట్టే. అలాంటి పంపుకు కొత్త గాస్కెట్ వేసి బిగించడం డబ్బు దండగ.

ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదన్న హెచ్చరిక అందరూ విన్నదే, వెనకున్న లెక్క మాత్రం తక్కువ మందికి తెలుసు. ఒత్తిడిలో ఉన్న నీరు 110 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉండగలదు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, నీరు ఒక్కసారిగా 100 డిగ్రీలకు దిగాలి. ఆ మిగులు వేడికి ప్రతి లీటరులోనూ 18 గ్రాముల నీరు అప్పటికప్పుడు ఆవిరవుతుంది. 18 గ్రాముల ఆవిరి పట్టడానికి 30 లీటర్ల చోటు కావాలి. అంత ఆవిరీ మిగిలిన మరుగు నీటిని చిమ్ముకుంటూ మూతి గుండా బయటికి వస్తుంది.

గాస్కెట్ మార్చే పని ఎంత తేలికన్నది ఇంజను రూపాన్ని బట్టి ఉంటుంది. 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరునే తీసుకుంటే, చాలా ఏళ్లు దానికి బిగించిన 1489 సీసీ పెట్రోలు ఇంజనులో పంపు బ్లాకు ముందు వైపు, రేడియేటరు వెనక, బానెట్ ఎత్తగానే కనిపించేది. ఫ్యాను కూడా ఆ పంపు పుల్లీకే బిగించి ఉండేది. గాస్కెట్ దొరకకపోతే షెడ్డులోనే చేసుకునేవారు. గాస్కెట్ షీటును పంపు ముఖం మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంబడి చిన్నగా కొట్టుకుంటూ పోతే లోహపు అంచే కత్తెరలా షీటును తెంపుతుంది. బోల్టు రంధ్రాలూ అలాగే పడతాయి. ఇప్పటి చాలా ఇంజన్లలో ఆ సుఖం లేదు. పంపును తిప్పేది టైమింగ్ బెల్టే అయినప్పుడు గాస్కెట్ దాకా వెళ్లడానికి ఆ బెల్టు విప్పాలి, తిరిగి ఎక్కించేటప్పుడు గుర్తులన్నీ కుదరాలి. ఒకటి రెండు పళ్లు తప్పితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. గాస్కెట్ ధర కూలి ముందు లెక్కలోకే రాదు. అందుకే అంత విప్పిన చోట పంపునూ బెల్టునూ కూడా మార్చేయమని చెప్పే మెకానిక్కుది ఆశ అనుకోనక్కర్లేదు.

పని మొదలుపెట్టేది ఇంజను పూర్తిగా చల్లారాకే. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, రేడియేటరు కింది హోసు విప్పి కూలెంటును తొట్టిలోకి పట్టాలి. దాన్ని కాలువలో పారబోయకూడదు, మూత లేకుండా వదిలేయనూ కూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు రుచి చూస్తారు, కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. బెల్టు బిగువుగా ఉన్నప్పుడే పుల్లీ బోల్టులను కాస్త వదులు చేసుకోవాలి, బెల్టు తీసేశాక పుల్లీ చేతిలో తిరిగిపోతూ ఉంటుంది. పంపు బోల్టులు తరచు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. అనుభవమున్న చేతులు ఒక అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టును దాని చోటే గుచ్చి పెడతాయి. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలోకి వెళ్తే అడుగు తగిలి ఆగిపోతుంది. స్పానరుకు బిగిసినట్టే ఉంటుంది, పంపును మాత్రం అదమదు.

బోల్టులన్నీ తీశాక కూడా పంపు కదలకపోతే చెక్క సుత్తితో పక్కల నుంచి తట్టాలి. సందులో స్క్రూడ్రైవరు దూర్చి పెకలిస్తే అల్యూమినియం మీద గాడి పడుతుంది, దాన్ని ఏ గాస్కెట్టూ పూడ్చలేదు. అసలు శ్రమంతా ఆ తర్వాతే. పాత గాస్కెట్ సగం పంపుకూ సగం బ్లాకుకూ అంటుకుని ఊడి వస్తుంది. నీటి దారిలో గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ గీకుడు బద్దతో ఆ పెచ్చులను ఓపిగ్గా తీయాలి. గోరు ఆనిస్తే ఎక్కడా తగలకూడదు. పాత బండ్ల గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిపి గీకాలి, ఆ దుమ్మును గాలితో ఊదకూడదు. తర్వాత స్టీలు స్కేలును ముఖం మీద అడ్డంగా నిలబెట్టి వెనక నుంచి లైటు వేస్తే వంకర ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మరలూ తుడవాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో కూలెంటు మిగిలిపోతే బోల్టు దిగేటప్పుడు దానికి పోయే దారి ఉండదు, బ్లాకే చిట్లవచ్చు.

కొత్త గాస్కెట్‌కు పేస్టు పూయాలా వద్దా అన్నది కంపెనీ చెప్పినదాన్ని బట్టి ఉంటుంది. రబ్బరు పూత ఉన్నవాటినీ ఓ రింగులనూ పొడిగానే బిగించాలి. కాగితపు గాస్కెట్‌కు పలుచగా పూస్తే నష్టం లేదు. మన షెడ్లలో అనాబాండ్ అని అడిగే సిలికాన్ పేస్టును ఎక్కువగా పూస్తే, లోపలికి పొంగిన భాగం ఎండి, ఊడి, నీటితో పాటు వెళ్లి రేడియేటరు సన్నగొట్టాల్లో అడ్డం పడుతుంది. బోల్టు మొన నీటి గదిలోకి వెళ్లే చోట మాత్రం మరలకు పేస్టు తప్పనిసరి, లేకపోతే మరల వెంబడే నీరు పాకుతుంది. బోల్టులన్నిటినీ ముందు వేళ్లతో పట్టించి, ఆపై ఎదురెదురుగా ఉన్నవాటిని రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒకదాన్ని ముందే పూర్తిగా బిగిస్తే రెండో వైపు గాస్కెట్ లేచి నిలబడుతుంది. టార్క్ రెంచి ఇక్కడ విలాసం కాదు. 20 సెంటీమీటర్ల స్పానరు మీద చేత్తో 15 కిలోల బలం పెడితే 30 న్యూటన్ మీటర్లవుతుంది. 10కి సరిపోయే బోల్టు దగ్గర అది అల్యూమినియం మరలను పీకి పారేస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

సిలికాన్ పేస్టు వాడితే పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ తర్వాతే కూలెంటు పోయాలి, అదీ నెమ్మదిగా. లోపల చిక్కిన గాలి ఎయిర్ లాకై, మీటరు ముల్లు మామూలుగానే ఉన్నా హెడ్డులో ఒక మూల మాడిపోవచ్చు. హీటరు తెరిచి పెట్టి, గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, ఇంజనును నడపాలి. 82 నుంచి 88 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ అనే వాల్వు తెరుచుకోగానే పై హోసు వేడెక్కుతుంది, మట్టం ఒక్కసారి దిగుతుంది. మళ్లీ నింపి మూత వేయాలి. కూలెంటు రంగు చూసి రకం నిర్ణయించడం కుదరదు, రంగులకు ఉమ్మడి ప్రమాణమేమీ లేదు. డబ్బా మీది వివరాన్ని బండి పుస్తకంతో పోల్చుకోవాల్సిందే.

మర్నాడు ఉదయం చల్లని ఇంజను మీద మట్టం చూసి, అతుకు చుట్టూ పొడి కాగితం ఆనించి తడి ఉందేమో చూడాలి. గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా మొదటి కొద్ది రోజులు మట్టం కాస్త దిగడం సహజం. వారం తర్వాత కూడా దిగుతూనే ఉండి, బయట ఎక్కడా చుక్క కనబడకపోతే వాటర్ పంపును వదిలేసి, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే హెడ్డు గాస్కెట్ వైపు చూడాలి. ఇంజను నడుస్తుండగా రిజర్వాయరులో బుడగలు రావడం, వేడెక్కాక కూడా సైలెన్సరు నుంచి తెల్లని పొగ ఆగకపోవడం, ఆయిలు కడ్డీకి లేత గోధుమ రంగు నురగ అంటడం దాని గుర్తులు.