విద్యార్థి తన పనిని తానే పరిశీలించుకొనుట

పరీక్షలు ముగిసిన తరువాత మన ఇండ్లకు మార్కులు వస్తాయి. పిల్లవాడు లెక్కలలో నూటికి నలభై తెచ్చుకొన్నాడని మనకు తెలుస్తుంది. ఏ మెట్టువద్ద అతని ఆలోచన దారి తప్పినదో, ఆ తప్పును తరువాత తానే సవరించుకోగలిగినాడో లేదో మాత్రము తెలియదు. విద్యార్థికి కూడా తరచుగా తెలియదు. సమాధానపత్రము కట్టలో పోతుంది. నోటుపుస్తకము వేసవిలో చిత్తుకాగితాలతోపాటు తూకానికి పోతుంది. ఈ లోటును తీర్చుటకు అనేక దేశములలోని ఉన్నత పాఠశాలలు వాడుతున్న సాధనము ఎలక్ట్రానిక్ పోర్టుఫోలియో.

పోర్టుఫోలియో అనగా చిత్రకారులు తమ చిత్రములను దాచుకొనే అట్టల సంచి. ఇక్కడ ఆ సంచికి బదులు కంప్యూటరో, ట్యాబో ఉంటుంది. విద్యార్థి వ్రాసిన వ్యాసములు, చేసిన ప్రయోగముల ఫోటోలు, పద్యము చదివినప్పటి కంఠధ్వని అన్నీ తేదీల వరుసన అందులో నిలుస్తాయి. అయితే గాదె నిండినంత మాత్రాన వంట అయినట్లు కాదు గదా! విద్యార్థి వాటిలో కొన్నింటిని తానే ఏరుకోవలెను. ఏరిన ప్రతిదాని క్రిందను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలెను: నేను ఏమి చేయదలచినాను? ఎక్కడ చిక్కుపడినాను? మరల చేస్తే ఏమి మార్చుతాను? ఒక నమ్మకమును దాని ఆధారములతో కలిపి నిదానముగా పరీక్షించుటే వివేచన అని అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1910లో వివరించినాడు. ఈ మూడు ప్రశ్నలు ఆ పరీక్షకే మెట్లు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. వంశధార ఒడ్డున ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలిక, ఇసుక ఎక్కువ నీరు పట్టి ఉంచుతుందా, తోటలోని ఎర్రమట్టి పట్టి ఉంచుతుందా అని పరీక్షించినదనుకొందాము. రెండు డబ్బాల అడుగున రంధ్రములు చేసి, ఒకదానిలో ఇసుకను, రెండవదానిలో మట్టిని వేసి, సమానముగా నీళ్లు పోసినది. ఇసుక నుండి తక్కువ నీరు కారినది. కాబట్టి ఇసుకయే ఎక్కువ నీరు పట్టుతుందని వ్రాసినది. వారము తరువాత తాను దాచిన ఫోటో చూచినప్పుడు, ఇసుక డబ్బా అంచుదాకా నిండి ఉన్నదనీ, మట్టి సగమే ఉన్నదనీ ఆమె కంటబడినది. రెండింటిని సమానముగా కొలిచి మరల చేసినది; ఫలితము తారుమారైనది. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దిన తప్పు ఒక మార్కుతో పోతుంది. తాను పట్టుకొన్న తప్పు, పోల్చదలచిన వస్తువులను సమానముగా తీసుకోవలెననే సూత్రమై ఆమెకు జీవితాంతము మిగులుతుంది. మొదటి ఫలితమును చెరిపివేసి ఉంటే ఈ పాఠము దొరికేది కాదు.

పాత ప్రతిని దాచి క్రొత్త ప్రతితో పోల్చి చూచుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరములో మొదట ప్రదర్శితమైనది, 1897లో అచ్చయినది. పేరు వచ్చినది గదా అని ఆయన ఊరుకొనలేదు. నాటకమును ఎంతగానో పెంచి, మార్చి, 1909లో రెండవ కూర్పు ప్రకటించినారు. రెండు కూర్పులూ నిలిచి ఉండుటవలన, ఒక గొప్ప రచయిత తన పనిని తాను ఎట్లు తిరిగి చూచుకొన్నాడో నేడు మనము చదువుకోగలుగుతున్నాము.

ఇక భాష సంగతి. తన ఆలోచనను తాను పరీక్షించుకొనే పిల్లవాడు ఏ భాషలో ఆలోచిస్తాడు? శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు ఈ ప్రశ్నకు తమ జీవితముతోనే జవాబు చెప్పినారు. చదువు వాడుక భాషలో సాగవలెనని వాదించుటే కాక, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరభాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించినారు. ఆ భాషను గూర్చిన ఆయన గ్రంథము 1931లో వెలువడినది. నేటి ట్యాబ్ ఇక్కడ నోటుపుస్తకము చేయలేని మేలు చేయగలదు: సీతంపేట కొండలలోని సవర బాలుడు తన మూడు జవాబులను తన ఇంటిభాషలో నోటితో చెప్పి దాచుకోవచ్చును, తరువాత తెలుగులో వ్రాయవచ్చును. పుస్తకభాష రాని కారణమున ఆలోచనయే రానివాడని ముద్ర పడకుండా ఇది కాపాడుతుంది.

పరికరములు కొంతవరకు వచ్చినవి. 2022 డిసెంబరులోను, 2023 డిసెంబరులోను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఏటా నాలుగు లక్షలకు పైగా ట్యాబులు పంచినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రగతిపత్రములో విద్యార్థి స్వీయ మూల్యాంకనమునకు చోటు ఉండవలెనన్నది. కాని ట్యాబ్‌లో ఇతరుల పాఠములు చూచుట ఒకటి, తన పనిని తాను చూచుట మరొకటి. రెండవదానికి ఇంటర్నెట్ కూడ అక్కరలేదు. ఫోటో, ధ్వని పరికరములోనే నిలుస్తాయి. కావలసినది వారమునకు ఒక గంట తీరిక, చదివి ఒక మంచి ప్రశ్న వేసే ఉపాధ్యాయుడు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మార్కులు. స్వీయ పరిశీలనకు మార్కులు వేయుట మొదలుపెడితే, పిల్లలు తమ తప్పులను దాచి, పెద్దలకు నచ్చే మాటలు వ్రాస్తారు. గైడులు చూచి వ్రాస్తారు. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా ఆ మాటలు క్షణములో వ్రాసి ఇస్తున్నది. ఒప్పుకొన్న తప్పుకు శిక్ష పడే చోట ఎవరూ నిజము వ్రాయరు. అందుచేత పని నాణ్యతకు మార్కులు వేయవచ్చును గాని, తప్పు ఒప్పుకొన్నందుకు తగ్గించరాదని మా అభిప్రాయము. పిల్లవాని అనుమతి లేకుండ అతని వ్రాతలను ఇతరులకు చూపరాదు.

తలిదండ్రులు చేయదగినదీ ఉన్నది. పిల్లలు బడినుండి రాగానే “ఎన్ని మార్కులు?” అని అడుగుతున్నాము. నెలకొకసారి అయినా “జూన్‌లో వ్రాసినది, ఇప్పుడు వ్రాసినది రెండూ చూపించు, ఏమి మారినదో చెప్పు” అని అడుగుదాము. ట్యాబ్ లేని ఇంట పాత అట్టపెట్టె చాలును. చదువు రాని తల్లి కూడ అడుగగల ప్రశ్న ఇది. జవాబు వెదుకుకొనుటలోనే పిల్లవాడు నేర్చుకొంటాడు.