కాఫీ వర్తకం: కిలో ధరకన్న గ్లాసు లెక్క ముఖ్యం

మార్కాపురం: మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతంలో కాఫీ పండదు. చిక్కమగళూరు, కొడగు తోటల సరుకైనా, అరకు, పాడేరు, చింతపల్లి మన్యం సరుకైనా ఇక్కడి దుకాణాలకు బయటినుంచి రావలసిందే. 1996లో కాఫీ బోర్డు పూలింగ్ విధానం ముగిసినప్పటినుంచి తోటలవారు సరుకును నేరుగా అమ్ముకుంటున్నారు. అందువల్ల న్యూయార్కులో అరబికా ధర, లండనులో రోబస్టా ధర కదిలినప్పుడల్లా దాని ప్రభావం కాస్త ఆలస్యంగానైనా ఇక్కడి పొడి ధరపై పడుతున్నది.

1975 జూలైలో బ్రెజిల్ తోటలు మంచు దెబ్బకు మాడిపోగా, 1977లో న్యూయార్కు ధర పౌనుకు 3 డాలర్లు దాటింది. ఆనాటి గరిష్ఠ ధర 2024 డిసెంబరు వరకు చెదరలేదు. 2025 ఫిబ్రవరిలో ధర 4 డాలర్లు కూడా మించింది. లండనులో రోబస్టా సైతం 2024లో టన్నుకు 5,000 డాలర్లు దాటింది. ఇటువంటి తేజీ వచ్చినప్పుడు వర్తకుని ముందు మూడు దారులుంటాయి: ధర పెంచడం, గింజ రకం తగ్గించడం, చికోరీ పాలు పెంచడం. ఏది లాభమో తేలాలంటే గింజ గుణమూ, ఇంట్లో ఫిల్టరు పనిచేసే తీరూ తెలిసి ఉండాలి.

గుర్తులు పరిమాణానికే

పండు తోలు తీసి, కడిగి ఎండబెట్టిన అరబికాను ప్లాంటేషన్ అంటారు. పండును తోలుతోనే ఎండబెట్టి దంచితే చెర్రీ. ఎ, బి, సి అనేవి జల్లెడనుబట్టి వేసిన గుర్తులు. అవి గింజ పరిమాణాన్ని చెబుతాయేగాని రుచిని చెప్పవు. కాయలో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగితే అది పీబెర్రీ. గుండ్రంగా ఉండడంచేత సమంగా వేగుతుందని కాఫీ ప్రియులకు దానిపై మోజు. మంచి తోటనుంచి వచ్చిన ‘బి’ రకం, నాసి తోట ‘ఎ’ రకాన్ని మించిన సందర్భాలు కలవు. గుర్తు చూసి బేరం ముగించక, గుప్పెడు వేయించి, కాచి రుచి చూసి కొనడం మేలు.

అరబికాలో సువాసన, కొద్దిపాటి పులుపు ఉంటాయి. రోబస్టాలో చిక్కదనం, చేదు హెచ్చు. కెఫీన్ దాదాపు రెట్టింపు. పాలు బాగా పోసుకునే ఇళ్లలో అరబికా ఒక్కటే వాడితే కాఫీ పలచనగా తోస్తుంది. కొంత రోబస్టా కలిస్తే పాలలోనూ రుచి నిలుస్తుంది.

నీటి సంగతి

పశ్చిమ ప్రాంతంలోని చాలా గ్రామాల బోరు నీటిలో కఠినత, ఫ్లోరైడ్ హెచ్చు. కఠిన జలంలోని బైకార్బొనేట్లు కాఫీలోని పులుపును విరిచేస్తాయి. ఎంతో ధర పెట్టి కొన్న ప్లాంటేషన్ పొడి ఆ నీటిలో చప్పగా తేలుతుంది. శుద్ధిచేసిన క్యాన్ నీటితో అదే పొడి కాచితే తేడా వెంటనే తెలుస్తుంది. బోరు నీరు వాడే ఖాతాదారుకు రోబస్టా పాలు హెచ్చిన మిశ్రమమే నప్పుతుంది. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

ఫిల్టరులో చికోరీ

చికోరీ వేరును ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. అందులో కెఫీన్ లేదు. అది నీటిని పట్టి ఉంచడంచేత ఫిల్టరులో నీరు నెమ్మదిగా దిగి, డికాక్షను నల్లగా, చిక్కగా వస్తుంది. చికోరీ లేని పొడిని కాస్త సన్నగా మర పట్టకపోతే నీరు జారిపోతుంది. మరీ సన్నగా పడితే అసలు దిగదు. పొడిని పై గిన్నెలో వేసి మెల్లగా అదిమి, మరిగిన నీరు పోసి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. తొందరపడి గరిటెతో కలిపితే అడుగున మడ్డి చేరుతుంది.

అసలు లెక్క

పచ్చి గింజ వేయిస్తే తరుగు సుమారు 15 నుంచి 20 శాతం. 17 శాతం అనుకుంటే 100 కిలోలకు 83 కిలోలు మిగులుతుంది. 80:20 పాళ్లలో చికోరీ కలిపితే సుమారు 104 కిలోల పొడి, 70:30 అయితే 119 కిలోలు. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదనీ, చికోరీ శాతం పొట్లంపై ముద్రించాలనీ నిబంధన. ఆ అంచుకు వెళితే పొడి 162 కిలోలు దాటుతుంది. తేజీలో కలిగే ఆశ ఇదే.

కాని కొనేవారి లెక్క వేరు. గ్లాసుకు 10 గ్రాముల పొడి చొప్పున కిలోకు 100 గ్లాసులు. కిలోకు 100 రూపాయలు పెరిగినా గ్లాసుకు పడేది ఒక్క రూపాయి. ఆ రూపాయిని ఖాతాదారు గొణుక్కుంటూనైనా భరిస్తాడు. చెప్పకుండా చికోరీ పెంచితే మాత్రం రెండోనాటి ఉదయానికే ఇంట్లో రుచి తేడా పట్టేస్తారు. ఆ పొట్లం తిరిగి రాకపోవచ్చు. ఖాతాదారు కూడా తిరిగి రాడు.

నిల్వలో జాగ్రత్త

పచ్చి గింజ ఆరిన చోట నెలల తరబడి నిలుస్తుంది. అయితే కాఫీ వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. మిరప బస్తాలున్న గోదాములో కాఫీ బస్తాలు వేయరాదు. వేయించిన గింజ రెండు మూడు వారాలు బాగుంటుంది. మర పట్టిన పొడి గాలి తగిలితే వారం, పది రోజులకే సువాసన కోల్పోతుంది. చిన్న పట్టణాల వర్తకులు పచ్చి గింజ నిల్వచేసి, వారానికి సరిపడా మాత్రమే వేయించి, అడిగినప్పుడు మర పట్టి, చికోరీ పాలు చెప్పి అమ్మడం క్షేమం. మందీ వచ్చినా చేతిలో పాత పొడి మిగలదు, తేజీ వచ్చినా ఖాతాదారు చెదరడు.