ఇంటిచదువు – ఊరిచూపు



నేడు నేను ముచ్చటింపబోవునది పిల్లల చదువును గూర్చి. అయితే బడిచదువును గూర్చి కాదు; దానిని గూర్చి చెప్పువారు పెక్కురు కలరు. ఇంటివద్ద తల్లిదండ్రులును, తాతలును, అవ్వలును చేయదగిన చదువొకటి కలదు. మంచి పుస్తకమును బిగ్గరగా చదివి వినిపించుట, చెట్టును పిట్టను రాతిని నిలిచి చూచుట, ఊరి చుట్టునున్న స్థలములకు పిల్లలను వెంటబెట్టుకొని పోయివచ్చుట – ఈ మూడు పనులే ఆ చదువు. కొన్ని దేశములయందు కొన్ని కుటుంబములు, ముఖ్యముగా క్రైస్తవ కుటుంబములు, తమ బిడ్డలను బడికే పంపక ఈ మూడింటిని ఆధారము చేసికొని ఇంటనే చదువు చెప్పుకొనుచున్నవి.

ఈ పద్ధతికి ఆద్యురాలు ఇంగ్లండు దేశపు ఉపాధ్యాయిని ఛార్లొట్ మేసన్. ఆమె 1842లో జన్మించి 1923లో మరణించెను. 1886లో ఆమె ఇంటిచదువును గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. 1892లో ఆంబిల్‌సైడ్ అను కొండప్రాంతపు గ్రామమున ఉపాధ్యాయినులకు శిక్షణాలయము స్థాపించెను. దైవభక్తి గల క్రైస్తవురాలు. ఆరేండ్లు నిండని బిడ్డను పలకముందు కూర్చుండబెట్టరాదనియు, దినములో పెద్దభాగము వాడు ఆరుబయటనే గడపవలెననియు ఆమె మతము. చిన్నపిల్లలకు పాఠము ఇరువది నిమిషములు మించరాదు. పుస్తకము ఒక్కమారే చదివి వినిపించవలెను. పిమ్మట పిల్లవాడు తాను విన్నదానిని తన మాటలతో తిరిగి చెప్పవలెను.

ఈ కడపటి మాటను కొంచెము విప్పి చెప్పెదను, ఏలయన పద్ధతియంతయు దీనియందే యున్నది. మన వీథిబడులలో పాఠము అప్పచెప్పుట యుండెడిది. పెద్దబాలశిక్షయు, పద్యములును, ఎక్కములును మనము అట్లే నేర్చితిమి. అది నోటికి పట్టువడుట. తిరిగి చెప్పుట వేరు. పిల్లవాడు సంతకుపోయి వచ్చి అక్కడ చూచినదానిని అవ్వకు చెప్పునప్పుడు ఏమి చేయును? అక్కఱలేనిది వదలును, అక్కఱయైనది పట్టుకొనును, క్రమము తానే ఏర్పఱచుకొనును. ఆ పనిని పుస్తకముతో చేయించుటయే మేసన్ పద్ధతి. ధారణ మంచిదే, దానిని నేను తక్కువచేయను. కాని ధారణచేసిన పద్యమునకు అర్థమడిగినచో నేల చూచు పిల్లలను మీరును నేనును ఎఱుగుదుము.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికా దేశపు క్రైస్తవ కుటుంబములు ఈ పద్ధతిని మరల చేపట్టినవి. సూసన్ షేఫర్ మకాలే అను రచయిత్రి 1984లో వ్రాసిన పుస్తకము ఇందుకు మిక్కిలి తోడ్పడెను. 1993 నాటికి ఆ దేశపు రాష్ట్రములన్నిటను ఇంటిచదువు చట్టసమ్మతమయ్యెను.

మన దేశపు మాట వేరు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బిడ్డను సమీపపు బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యని చెప్పుచున్నది. బడికి పోలేనివారు సార్వత్రిక విద్యాలయము ద్వారా పరీక్షలు వ్రాయుటకు వీలున్నది. అట్టి జాతీయసంస్థ 1989లోనే ఏర్పడెను. కావున బడి మాన్పింపుడని నేను చెప్పుటలేదు. మన పల్లెలలో ఎన్నో ఇండ్లకు బడి ఒక్కటే ఆధారము. బడి విడిచిన సాయంకాలమును, సెలవుదినములును మన చేతిలోనివే. వాని మాటయే నేను చెప్పుచున్నది.

మొదట పఠనము. పల్నాటి క్రైస్తవ గృహములలో రాత్రి భోజనమునకు ముందో వెనుకనో కుటుంబప్రార్థనయు, బైబిలు పఠనమును జరుగుట పరిపాటి. 1842లో గుంటూరు చేరిన హేయర్ అను లూథరన్ మిషనరీ 1849లో గురజాలకు వచ్చి నివసించిన నాటినుండి ఈ సీమకు ఆ గ్రంథముతో పరిచయము కలదు. హైందవ గృహములలో భారత భాగవత రామాయణములు చదివించుకొని వినుట అంతకంటె ప్రాచీనమైన ఆచారము. అనగా బిగ్గరగా చదివి వినిపించుట మనకు పరదేశమునుండి రావలసిన పని కాదు. అది మన అరుగులమీద నుండినదే. ఇటీవల చేతికొక సెల్‌ఫోను వచ్చి ఇంటిలో నలుగురును నాలుగు మూలల చేరుటచేత ఆ అలవాటు సన్నగిల్లినది.

చదివినదానికిని చూచినదానికిని పొత్తు కుదిరినప్పుడే పఠనము ఫలించును. దృష్టాంతమునకు యేసు చెప్పిన విత్తువాని ఉపమానమును తీసికొనుడు. విత్తనములు కొన్ని త్రోవప్రక్కను, కొన్ని రాతినేలను, కొన్ని ముండ్లపొదలలోను, కొన్ని మంచినేలను పడినవని కథ. పట్టణపు బిడ్డకు దీనిని బొమ్మవేసి చూపవలెను. పల్నాటి బిడ్డకు బొమ్మతో పనిలేదు. ఇంటినుండి చేనికి నడచినంతలోనే బండిబాట, నాపరాయి పైకి తేలిన చెక్కనేల, సర్కారుతుమ్మ కంప, నల్లరేగడి – నాలుగును కంటబడును. ఏ గింజ ఎక్కడ మొలచినది, ఎన్నాళ్లు నిలిచినదని పిల్లవాడే చూచి చెప్పగలడు. ఏ మతమువారికైనను ఈ పద్ధతి పనికివచ్చును. గ్రంథము మాఱును, చేను అదియే.

ఇక ప్రకృతి పరిశీలనము. పెద్దలారా, ఇందులో మీకు గల సంపద బడిపంతులుకు లేదు. కార్తెలు మీకు తెలియును. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున పదుమూడు పదునాలుగు దినములుండు ఆ లెక్కను పట్టియే కదా మనము విత్తుటయు, కోయుటయు! మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చి వాన పడగానే ఎఱ్ఱని మఖమలు ముక్కవలె నేలమీద ప్రాకు పురుగును మీరు ఆరుద్రపురుగని పిలుతురు. మనుమని పిలిచి దానిని ఆకుమీదికి ఎక్కించి కాళ్లు లెక్కపెట్టుమనుడు. ఎనిమిది యుండును. చీమకు ఆరే. అయిన ఇది ఎవరి చుట్టము? ఇంటి చూరుక్రింద గూడల్లిన సాలీని కాళ్లు లెక్కింపుమనుడు, అవియు ఎనిమిదియే. రెండును ఒక కులమువి. ఈ పురుగు వానకే ఏల బయటికి వచ్చును? వానకు పుట్టలనుండి ఉసిళ్లు లేచును. చెదపురుగులు దీనికి ఆహారము. ఇంత శాస్త్రము ఒక ఆకుమీద, కాసుకూడ ఖర్చులేక, ముగిసినది.

గిజిగాని మాట చెప్పక ముందుకు పోలేను. బావిమీదికి వంగిన ఈతచెట్టుననో తుమ్మననో వ్రేలాడు దాని గూళ్లను చూడనివారు మనలో లేరు. కాని నిలిచి చూచినవారెందఱు? వానకాలమున మగపిట్ట వరియాకులను, గడ్డిపోచలను చీల్చి తెచ్చి గూడల్లును. సగమల్లి ఆపును. ఆ సగపు గూడు బోర్లించిన గిన్నెవలె నుండి నడుమ ఒక అడ్డకమ్మి కలిగియుండును. ఆడుపిట్ట వచ్చి లోపల దూఱి పరీక్షించును. నచ్చినచో మగది గూటిని పూర్తిచేసి క్రింది గొట్టమును అల్లును. నచ్చనిచో ఆ గూడు అట్లే సగముగా వ్రేలాడును. కొమ్మకు వ్రేలాడు సగపు గూళ్లు మగపిట్ట కూర్చుండు ఉయ్యెలలని మనవారందురు; నిజమునకవి చాలవఱకు తిరస్కరింపబడిన ఇండ్లు. ఒక గూటి కాపురము కుదిరినపిమ్మట మగపిట్ట మఱియొక గూటికి పూనుకొనుననియు, మఱియొక ఆడుపిట్టను చేర్చుకొనుననియు సలీం ఆలీ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతమున బొంబాయి సమీపమున దినములకొలది కనిపెట్టి చూచి ప్రకటించెను. ఆయన చేతనున్నవి ఓపికయు, వ్రాతపుస్తకమును మాత్రమే.

గూటిలోపల గిజిగాడు తడిమట్టి ముద్దలంటించును. వానిలో మిణుగురుపురుగును గ్రుచ్చి దీపము పెట్టుకొనునని పెద్దలు చెప్పెడివారు. మట్టి నిజము, దీపమును మాత్రము శాస్త్రజ్ఞులు ఒప్పుకొనరు. గాలికి గూడు ఊగిపోకుండ మట్టి బరువగునని కొందఱి యూహ. పిల్లవాడు దీపము మాట అడిగినపుడు కసరుకొనక, పిట్టలు విడిచిపోయిన గూడొకటి రాలిపడినప్పుడు దానిని విప్పి చూడనిండు. పెద్దల మాటను పరీక్షించుట పెద్దలను తక్కువచేయుట కాదు.

వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబమున పుట్టిన గుఱ్ఱం జాషువ కవి గిజిగానిపైనను, సాలీనిపైనను పద్యములు వ్రాసిరి. 1941లో వెలువడిన కావ్యమున గబ్బిలమునే దూతగా పంపిరి. బడికి అంటరానివాడుగా అడుగుపెట్టిన బాలునికి ఊరి పిట్టయు, పురుగును కులమడుగని స్నేహితులైనవని నాకు తోచును. గూటిని చూచిన దినముననే ఆ పద్యములు చదివి వినిపించినచో పిల్లవానికి వేఱే టీక అక్కఱలేదు.

చూచినదానిని వ్రాయించుడు. మేసన్ పద్ధతిలో ప్రతి బిడ్డకును ఒక ప్రకృతి పుస్తకముండును. తిథియో, తేదీయో, కార్తెయో వేసి, ఒక బొమ్మ గీసి, రెండు పంక్తులు వ్రాయుట. ఫాల్గుణమున మోదుగ ఏనాడు పూచినది, ఎండలలో రేల ఏనాడు పసుపు గుత్తులు వేసినది, మొదటి ఆరుద్రపురుగు ఏనాడు కనబడినది – నాలుగేండ్లు వ్రాసినచో ఆ ఊరి వాతావరణ చరిత్ర పదియణాల నోటుపుస్తకమున నిలుచును. పదియణాలనుట పాత అలవాటు. నేటి ధర మీకే తెలియును.

మూడవది ఊరిచూపు. దూరయాత్రలు అక్కఱలేదు. మీ కాలిక్రింది నాపరాయినుండియే ప్రారంభింపవచ్చును. పల్నాడంతయు సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల సున్నపు బట్టీలును, ఇక్కడి సిమెంటు కర్మాగారములును దానిచేతనే బ్రతుకుచున్నవి. ఆ రాయి పూర్వము సముద్రగర్భమున పేరుకొన్న ఒండ్రు. పొడిచేసి దానిపై నిమ్మరసము పిండినచో సన్ననిబుడగలు లేచును. పిల్లలకు ఇది గొప్ప వేడుక. దానిలో గవ్వలు మాత్రము దొరకవు, ఏలయన గవ్వలుగల ప్రాణులు భూమిపై పుట్టకమునుపే ఆ పొరలు ఏర్పడినవి. ఆ రాతినే ఇక్ష్వాకు రాజుల కాలమున, క్రీస్తుశకము మూడవ నాలుగవ శతాబ్దులలో, శిల్పులు చెక్కి నాగార్జునకొండ లోయలో స్తూపములకు తొడిగిరి.

నాగార్జునకొండ వెలుగులోనికి వచ్చిన విధము మనకు ముఖ్యము. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను స్థానిక బడిపంతులు లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. అప్పుడు శాసనశాఖకు చెందిన సరస్వతి అను ఉద్యోగి వచ్చి ఆ స్థలపు విలువను గుర్తించెను. ఆ లోయలో గొడ్లు మేపినవారును, కట్టెలు కొట్టినవారును ఆ రాళ్లను అంతకుముందు చూడకపోలేదు. నిలిచి చూచి, పదిమందికి చెప్పినవాడు పంతులు. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను. విజయపురి యను రాజధానియు, విహారములును, శాసనములును బయల్పడినవి. మహాచైత్యమును రాజు సోదరి శాంతిసిరి కట్టించెనని ఆ శాసనములే చెప్పినవి.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగునని తెలిసి 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున త్వరత్వరగా త్రవ్వకములు సాగినవి. కొన్ని కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ నీటివలన మన పొలములు పండినవి, అది మేలే. కాని పంతులు 1926లో చూడక, 1966లో ఎవరైనను చూతమనుకొనినచో, చూచుటకు నీరు తప్ప ఏమియు ఉండెడిది కాదు. మీ ఊరి చేలకు గల పేర్లు, వాగులో మడుగుల పేర్లు, పాత దిబ్బలను గూర్చిన మాటలు ఏ పుస్తకమునను లేవు. అవి మీ తలలయందు మాత్రమే యున్నవి. మనుమని వెంటబెట్టుకొని పొలిమేర చుట్టివచ్చునపుడు ఆ పేర్లు చెప్పి, వానిచేత వ్రాయించుడు. నేడు ఆ కొండ ద్వీపమైనది. లాంచీపై పోయి అక్కడి ప్రదర్శనశాలను చూచి రావచ్చును.

మాచెర్ల చేరువనున్న ఎత్తిపోతల ఒక దినములో చూడదగినది. చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి పడి కృష్ణ వైపు సాగును. నీరు మెత్తని రాతిని తొలిచి గట్టి రాతిని వదలు విధమును అక్కడ కన్నులార చూపవచ్చును. మొసళ్ల పెంపకము గల చోటు, పిల్లలను నీటిలోనికి దింపవలదు.

కారెంపూడికి కార్తీక అమావాస్యనాడు పోవుట మేలు. నాగులేటి యొడ్డున వీరుల గుడివద్ద ఆ దినమునుండి అయిదు దినములు వీరారాధనోత్సవము జరుగును. శ్రీనాథునిదిగా చెప్పుకొను పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో పరిష్కరించి ప్రకటించెను. పోవుటకు ముందు వారము దినములు దానిని కొంచెము కొంచెముగా ఇంట చదివి వినిపింపుడు. క్రైస్తవ కుటుంబములు పూజకు పోకున్నను చరిత్ర చూచుటకు పోవచ్చును. అక్కడ వీరవిద్యావంతులు పాడు కథకును, పుస్తకములోని కథకును గల తేడాలు పిల్లలే పట్టుకొందురు. ఇంటికి వచ్చినపిమ్మట బ్రహ్మనాయుడు చేసినది న్యాయమా, నాగమ్మ చేసినది న్యాయమా, మాల కులమున పుట్టిన కన్నమదాసు సేనానాయకుడగుట ఆనాటి వారికెట్లు తోచియుండునని వానిని అడుగుడు. పల్నాటి పెద్దలకు ఈ విషయమున ఇప్పటికిని పక్షములు కలవని నేనెఱుగుదును. పిల్లవాడు తిరిగి చెప్పి ముగించువఱకు మీ పక్షమును బయటపెట్టకుడు.