పాత యింటి పెరటి వసారాను తిరిగి కట్టుట

మన పల్లెలలో పాతయింటి వీధియరుగునకు గల మన్నన పెరటి వసారాకు లేదు. పండుగ వచ్చినచో వీధివైపు సున్నములు, రంగులు వేయింతుము. పెరటి వసారా కూలినప్పుడుగాని మనకు జ్ఞప్తికి రాదు. అయినను ఇంటిపని యెక్కువగా జరుగునది అచ్చటనే. ధాన్యపు బస్తాలు దించునది, పాలు పితికి తెచ్చి దించునది, ముసలివారు పగటిపూట నడుము వాల్చునది, పిల్లలు ఆడుకొనునది అచ్చటనే. కావున అది కూలినప్పటి నష్టము కేవలము కప్పు నష్టము కాదు.

ఈ వ్రాయువాని యింట జరిగిన సంగతి యొకటి ముందుగా మనవిచేయుట మంచిది. మా తాతగారు కట్టించిన వసారా నాలుగు టేకు స్తంభములపై అరువది యేండ్లకు పైగా నిలిచినది. ఒక యేట, నేల చెమ్మగిల్లుచున్నదని, దానిమీద నాలుగంగుళముల మందమున సిమెంటు కాంక్రీటు పోయించితిమి. స్తంభముల క్రింది రాతిదిమ్మెలు ఆ కాంక్రీటులో మునిగిపోయినవి. చూచుటకు నేల నున్నగా, ముచ్చటగా నుండెను. ఏడేండ్లు తిరుగకముందే ఒక స్తంభము అడుగున గుల్లయైనది. అది గాలివానకు పడలేదు. ఒక బస్తాను దాని కానించినంతనే ప్రక్కకు జరిగినది. ఆ నిముషమున దాని క్రింద ఎవరును లేకుండుట మా యదృష్టము. “కొయ్య పాతబడినదండీ” అని మేస్త్రీ చెప్పెను. కాని అదే స్తంభమునకు పైభాగమున ఉలి దిగలేదు. పాతబడుటయే కారణమైనచో పైనను క్రిందను సమానముగా చెడవలెను గదా!

ఈ వ్యాసమునందు చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. కొయ్యను చెరుపునది వయస్సు కాదు, నిలిచిన తడి. ఆ తడి యెచ్చట నిలుచుచున్నదో కనిపెట్టక క్రొత్త కొయ్య వేసినచో, మన సొమ్మును తిరిగి అదే గోతిలో వేసినట్లగును.

కొయ్య యేల చెడును?

కొయ్యను కుళ్లజేయునది బూజుజాతికి చెందిన యొక జీవము. దానికి గాలియు నీరును రెండును కావలెను. కొయ్యలోని తేమ నూటికి ఇరువది పాళ్లకు లోబడి యున్నంతకాలము అది పెరుగజాలదు. పూర్తిగా నీట మునిగియున్న కొయ్యకు గాలి చాలదు గనుక అదియు త్వరగా చెడదు. చేని కంచెగుంజను పెరికి చూచిన రైతునకు ఈ సంగతి తెలియును. పైభాగము గట్టిగానే యుండును. లోతున నున్న కొసయు కొంత గట్టిగానే యుండును. నేలమట్టమువద్ద మాత్రము విరిగిపోవును. గాలియు తడియు కలిసికొను చోటు అదియే.

చెదలును ఇట్లే. మన నేలలోని చెదలు తడిమట్టినుండి మట్టిగొట్టములు కట్టుకొని పైకి వచ్చును. కొయ్య నేలను తాకుచున్నచో వానికి ఆ గొట్టముల శ్రమకూడ లేదు. టేకుచేవకు ఈ శత్రువుల నెదిరించు గుణము కలదు. కాని బెరడునకు చేరువనుండు తెల్లని భాగమునకు ఆ గుణము లేదు. అంగడిలో “టేకే” యన్నమాట విని తృప్తిపడక, దుంగలో చేవ యెంత, తెలుపు యెంత యని చూచి కొనవలెను.

వయస్సుతో సంబంధము లేదనుటకు దూరదేశపు దృష్టాంత మొకటి కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున బర్కిలీ పట్టణమందు 2015 జూన్ 16వ తేదీని ఒక మేడయొక్క పైయంతస్తు వసారా విరిగిపడి ఆరుగురు యువజనులు మరణించిరి. ఆ మేడ కట్టి పదియేండ్లైనను కాలేదు. గోడనుండి వెలుపలికి చాచిన దూలములు లోలోపల తడిసి కుళ్లియుండుట తరువాతి తనిఖీలో తేలినది. పైపూత చక్కగా నుండుటచే ఆ కుళ్లు ఎవరికిని కనబడలేదు. 2018లో ఆ రాష్ట్రమువారు అద్దెమేడల వసారాలను నియతకాలమున పరీక్షింపవలెనని శాసనము చేసిరి. మన వసారాలకు తనిఖీదారు లెవరును రారు. ఇంటి యజమానియే తనిఖీదారు.

పరీక్షించు విధము

ఒక సన్నని ఉలి, ఒక చిన్న సుత్తి, ఒక గుండుదారము చాలును. ప్రతి స్తంభమును అడుగున నాలుగువైపుల ఉలితో పొడిచి చూడుడు. పావంగుళముకంటె సులభముగా లోనికి దిగినచో అది చెడినదని యెంచవలెను. సుత్తితో తట్టినప్పుడు గట్టికొయ్య ఖణేలుమనును, గుల్లకొయ్య బొదబొదమనును. పిమ్మట గోడలో దూర్చిన దూలపు కొసలను చూడుడు. గోడలోని చెమ్మ అచ్చటనే చేరును. మూడవది, వసారాకప్పు ఇంటిగోడను తాకు చోటు. అచ్చట గోడమీద నల్లని చారలున్నచో నీరు దిగుచున్నదని యర్థము.

గోడలో బీటలున్నచో వెంటనే పూడ్చివేయవద్దు. బీటకు అడ్డముగా సున్నపు ముద్ద నొకదానిని అతికించి, దానిమీద తేదీ వ్రాయుడు. కొన్ని నెలలలో ఆ ముద్ద పగిలినచో గోడ యింకను కదలుచున్నదన్నమాట. నల్లరేగడి నేలలలో వేసవి బీట వానకాలమున మూసికొనుటయు కలదు. అట్టిచోట లోపము గోడలో లేదు, పునాదిలో నున్నది.

విప్పునప్పటి జాగ్రత్తలు

విప్పుట పైనుండి క్రిందికి జరుగవలెను. ముందు పెంకులు, తరువాత వాసములు, తరువాత దూలము, కడపట స్తంభము. ఒక్క స్తంభమునే మార్చునప్పుడు, దానికి ఇరుప్రక్కల దూలము క్రింద గట్టి పోట్లు పెట్టి, వాని యడుగున పలకలు వేసి, మేకులతో బిగించిన తరువాతనే స్తంభమును కదల్పవలెను. ఈ పని జరుగునంతసేపు పిల్లలను, పశువులను ఆ దాపునకు రానీయరాదు.

పాతరంగులలో సీసము కలిసియుండుట మిక్కిలి సామాన్యము. మన దేశమున గృహోపయోగపు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరునుండియే అమలునకు వచ్చినది. కావున పాత స్తంభములను పొడిగా గీకినచో ఆ ధూళి పిల్లల మెదడునకు హాని చేయును. కొయ్యను తడిపి గీకి, రాలిన పొట్టును గోనెలో నెత్తి దూరముగా పూడ్చవలెను, కాల్చరాదు. కప్పునకు సిమెంటురేకులున్నచో అవి రాతినార కలిసినవి కావచ్చును. వానిని కోయుట, విరుగగొట్టుట కూడదు. నీరు చల్లి, నిండురేకులుగానే దింపవలెను.

పునాది, దిమ్మె, స్తంభము

ఇసుకపాలు గల గట్టినేలలలో రెండడుగుల లోతు త్రవ్వి కంకరవేసి దిమ్మెస కొట్టినచో తేలిక వసారాకు చాలును. కృష్ణా, గుంటూరు ప్రాంతముల రేగడినేలలో నిది చాలదు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొనును. వేసవిలో నెఱ్ఱె యెంతలోతు పోవునో అంతకు దిగువను పునాది నుంచవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకై, అడుగున గంటవలె వెడల్పుచేసిన కాంక్రీటు గుంజలను ప్రచారమునకు తెచ్చిరి. అవి సాధారణముగా మూడున్నర మీటర్ల లోతువరకు పోవును. అడుగు వెడల్పు గుంజ వెడల్పునకు రెండున్నర రెట్లుండును. బరువైన వసారాకు ఆ పద్ధతి నెరిగినవారిని సంప్రదించుట మేలు.

స్తంభము నేలను తాకరాదు. నేలమట్టమునకు కనీసము ఆరంగుళముల యెత్తున రాతిదిమ్మె లేచియుండవలెను. దిమ్మె పైభాగము నడుమ కొంచెముబ్బి, నీరు నాలుగువైపుల జారిపోవునట్లుండవలెను. దిమ్మెలో ఇనుపకడ్డీ నొకదానిని నిలిపి, దానిని స్తంభపు అడుగున నెక్కించినచో స్తంభము ప్రక్కకు జరుగదు. కోసిన కొయ్యకొస ప్రక్కభాగముకంటె నెన్నో రెట్లు వేగముగా నీటిని పీల్చును. కావున నిలుపుటకు ముందు ఆ కొసను కొయ్యను కాపాడు తైలములో నానబెట్టవలెను. బోరాక్సు, బోరికామ్లముల ద్రావణము చూరులోపలి వాసములకు మంచిదే. కాని వాన తగులు చోట అది కడుగుకొనిపోవును.

ఇచ్చట రైతునకు గొప్ప ఆదా కలదు. స్తంభము అడుగున ఒక అడుగు మాత్రమే చెడినచో స్తంభమంతయు మార్ప నక్కరలేదు. చెడినంతవరకును, దానిపైన మరి నాలుగంగుళములును కోసివేసి, ఆ మేరకు దిమ్మెను ఎత్తుచేసిన చాలును. మా యింట చివరకు చేసిన దిదియే. కాంక్రీటును స్తంభములచుట్టు పగులగొట్టి తీసి, దిమ్మెలను ఎత్తించితిమి. నాలుగింట మూడు పాత స్తంభములు నేటికిని నిలిచియున్నవి. ఒక్కటియే క్రొత్తగా కొనవలసివచ్చినది.

తాటిదూలము వాడువారు ముదురుచెట్టునే యెన్నుకొనవలెను. తాటికి బలము వెలుపలి నల్లని నారలో నున్నది, లోపలిభాగము మెత్తన. కావున వెలుపలివైపు చెక్కి సన్నముచేయుట బలమును పారవేయుటయే. సొంతపొలములోని టేకునైనను కొట్టుటకు ముందు అటవీశాఖవారి యనుమతి నియమములు తెలిసికొనవలెను.

పాతగోడను నమ్మరాదు, బాధింపరాదు

క్రొత్త వసారా బరువును పాత మట్టిగోడపై వ్రేలాడదీయుట పెద్దపొరపాటు. గోడ ప్రక్కనే మరియొక వరుస స్తంభములు నిలిపి, వసారాను తన కాళ్లమీద తాను నిలుచునట్లు చేయవలెను. రెండు పునాదులు వేరువేరుగా దిగును గనుక నడుమ ఒక అంగుళము సందు విడిచి, పైన జింకురేకును గోడలో గాడిచేసి దూర్చి, వసారాకప్పుపై వంచవలెను.

మన దేశమున సిమెంటు పరిశ్రమ 1914లో పోరుబందరు కర్మాగారముతో నిలదొక్కుకొనినది. అంతకు ముందటి గోడలన్నియు మట్టి, సున్నములతో కట్టినవే. అట్టి గోడ నేలతేమను పీల్చి, గాలికి విడుచుచుండును. దానిపై సిమెంటు పూసినచో తేమ వెలుపలికి రాజాలక గోడలోనే నిలిచి, పూతను పెచ్చులుగా నూడదీసి, దూలపుకొసలను కుళ్లజేయును. కావున మరమ్మతునకు గానుగసున్నమే తగినది. సున్నము ఒకపాలు, ఇసుక మూడుపాళ్లు కలిపి, పూసిన తరువాత కొన్నిదినములు తడుపుచుండవలెను. సున్నము కంట పడినచో ప్రమాదము గనుక పనివారు జాగ్రత్తపడవలెను.

నీరు పోవుదారి, గాలి పట్టుచోటు

వసారా నేల ఇంటినేలకు రెండంగుళములు దిగువగా నుండి, అడుగునకు పావంగుళము చొప్పున పెరటివైపు వాటము కలిగియుండవలెను. ఎనిమిదడుగుల వసారాకు రెండంగుళముల వాలు. చూరు అరుగు అంచును దాటి అడుగున్నర ముందుకు రావలెను. చూరునీరు పడుచోట గులకరాళ్లు పరచి, కాలువతీసి చెట్లపాదులకు త్రిప్పినచో పునాదికి రక్ష, చెట్టునకు నీరు.

గాలి మాట మరువరాదు. 1977 నవంబరు దివిసీమ తుపానును, 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపానును ఎరిగిన మన తీరమునకు వేరుగ చెప్పనేల? మూడువైపుల తెరపియైన వసారాలో గాలి చేరి కప్పును క్రిందినుండి పైకెత్తును. కావున వాసమును దూలమునకు, దూలమును స్తంభమునకు, స్తంభమును దిమ్మెకు ఇనుపపట్టీలతో బిగింపవలెను. ఒక్కచోట పట్టు తప్పినను తక్కినవి వ్యర్థములు. వసారాకప్పును ఇంటికప్పుతో కలుపక వేరుగ నుంచినచో, తుపాను దాని నెత్తుకొనిపోయినను ఇంటికప్పు నిలుచును.

సొమ్ము విషయము

సొమ్ము తక్కువైనచో ఏది ముందు? నీటిదారి మొదటిది, దిమ్మెలు రెండవది, పట్టీలు మూడవది, కప్పు నాలుగవది, నున్నని నేలయు రంగులును కడపటివి. మనము సాధారణముగా దీనిని తలక్రిందులు చేయుదుము. పంటకని తెచ్చిన ఋణమును వసారాకు మరల్చుట యెన్నడును కూడదు. వసారా ఒక యేడు ఆగును, విత్తనమునకు అదను ఆగదు. ఒక యూర పదిండ్లకు ఒకేమారు దిమ్మెలు, పట్టీలు, సున్నము కావలసినచో, సభ్యులు కలిసి ఒక్కబండిగా తెప్పించుకొనుట లాభము. విడివిడిగా కొన్నవానికి విడివిడిగా కూలి, విడివిడిగా మోసము.

చదువరులకు కడపటి మనవి. ఈ మాటలన్నియు మరచినను ఒక్కపని చేయుడు. మొదటి పెద్దవాన కురిసిన మరునాటి యుదయమున పెరటి వసారాలోనికి పోయి, ప్రతి స్తంభపు అడుగును చేతితో తాకి చూడుడు. తడి తగిలిన స్తంభమునే ముందు బాగుచేయుడు.