కణంలో పెళ్ళిళ్ల పేరయ్య

అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల కళ్ళు తెరవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని సూదితో ఎక్కించగా, వారానికే ఆ పసికూనలు కళ్ళు తెరిచాయి! అందులోని పదార్థాన్ని వేరుచేసి, 1962లో ఆయన ప్రకటించాడు. కణాలను పెరగమని ప్రోత్సహించే ఆ వృద్ధికారకాన్ని కనుగొన్నందుకు 1986లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

కాని ఒక చిక్కు మిగిలింది. వృద్ధికారకం కణపు పైపొరలో నాటుకొని ఉన్న గ్రాహకాన్ని తాకి ఊరుకుంటుంది. మరి ఆ వార్త లోపలి కేంద్రకానికి చేరేదెలా?

వృద్ధికారకం తాకగానే రెండు గ్రాహకాలు జతకూడి, ఒకదాని తోకకు మరొకటి ఫాస్ఫేటు బొట్లు పెడతాయి. ఆ బొట్టును గుర్తుపట్టే భాగం కొన్ని ప్రోటీనులలో ఉన్నదని కెనడాలో టోనీ పాసన్ బృందం 1986లో బయటపెట్టిన పరిశోధన దారి చూపింది. అటువంటి ప్రోటీనులలో ఒకటి, 1992లో వెలుగుచూసిన గ్రబ్-2.

గ్రబ్-2 కేవలం 217 అమైనో ఆమ్లాల గొలుసు. రసాయనిక చర్య ఏదీ తాను జరపదు. ఒక చేత్తో గ్రాహకపు బొట్టును, మిగిలిన రెండు చేతులతో 'సాస్' అనే ప్రోటీనును పట్టుకొంటుంది, అంతే. పెళ్ళిళ్ల పేరయ్య పని! అలా పొర దగ్గరకు చేరిన సాస్, అక్కడున్న 'రాస్' అనే మీటను నొక్కుతుంది. వార్త చేతులు మారుతూ కేంద్రకానికి అందుతుంది. ఈ మధ్యవర్తి బొత్తిగా లేని ఎలుక పిండాలు తొలిదశలోనే నశించాయి.

విశేషమేమంటే, సంబంధం కుదిర్చిన పేరయ్యే తెగతెంపులకూ సాయపడతాడు. గ్రబ్-2 'సిబిఎల్' అనే మరో ప్రోటీనును కూడా గ్రాహకం వద్దకు తెస్తుంది. అది వేసిన ముద్రతో గ్రాహకం కణం లోపలికి లాగబడి, ధ్వంసమవుతుంది. పెరుగుదలకు కళ్ళెం పడుతుంది.

ఈ పేరయ్యకు మంచి సంబంధమేదో, చెడు సంబంధమేదో తెలియదు. బొట్టు కనిపిస్తే చాలు. ఒక రకం దీర్ఘకాలిక రక్తకాన్సరులో పుట్టే వికృత ప్రోటీను, వృద్ధికారకం రాకుండానే ఆ బొట్టును ధరిస్తుంది. గ్రబ్-2 వచ్చి పట్టుకొంటుంది. కణాలు అదుపు తప్పుతాయి. 2001లో అమెరికాలో ఆమోదం పొందిన ఇమాటినిబ్ ఆ వికృత ప్రోటీను పనినే అడ్డుకొంటుంది. బొట్టు లేని చోట పేరయ్యకు పనేముంది?