బ్రాహ్మి అంటే ఏ ఆకు?

పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, బ్రాహ్మి గుర్తొస్తుంది మనకి. కానీ ఆ పేరుతో చలామణీ అయ్యే మొక్కలు రెండున్నాయి. పొడుగాటి కాడ మీద గుండ్రటి ఆకు, అంచున చిన్న గంట్లు ఉంటే అది మండూకపర్ణి. మనం సరస్వతి ఆకు అనేది ఎక్కువగా దీన్నే. రెండోది నీటి బ్రాహ్మి. దీని ఆకులు చిన్నవి, దళసరివి, కాడ లేకుండా జంటజంటలుగా ఉంటాయి. కొరికితే చేదు. అయిదు రేకుల పూవు తెలుపులోనో లేత ఊదాలోనో ఒంటిగా పూస్తుంది.

ఏటా విత్తనం చల్లక్కర్లేదు దీనికి. తడి ఉన్నంతకాలం నేలమీద పాకుతూ, కణుపు కణుపుకీ వేరు దించుకుంటుంది. మెట్టపంటల పల్నాడుకు 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లొచ్చాయి. కాలువ ఊట దిగే పల్లం, చెరువు అంచు, వరిమడి గట్టు - ఇలాంటి చోట్లే దీనికి అనువు.

అలాగని కనిపించిన చోటల్లా కోసుకురాకండి. నీళ్లలో సీసం, కాడ్మియం వంటి లోహాలుంటే ఈ మొక్క వాటిని పీల్చి తనలో దాచుకుంటుంది. పైపైన కడిగితే అవి పోవు. మురుగుకాలువ పక్కదీ, మందులు కొట్టే మిరప, పత్తి చేల నీరు చేరే చోటుదీ వద్దే వద్దు.

మరి జ్ఞాపకశక్తి మాటేమిటంటారా? పెద్దవాళ్లకి దీని సారం రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చి చూసిన పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది. రేపు పరీక్షనగా ఇవాళ నాలుగాకులు నమిలిస్తే మార్కులు రావన్నమాట! పైగా కొందరికి కడుపునొప్పి, వికారం, విరేచనాలు వస్తాయి. గర్భిణులూ, థైరాయిడ్ మందులు వాడేవాళ్లూ, పిల్లలకి ఇవ్వదలచినవాళ్లూ ముందు డాక్టరుగారిని అడగాలి.

ఇంట్లో పెంచడం సులువే. నర్సరీలో అసలు మొక్కేనని చూసుకుని తెచ్చుకోండి. వెడల్పాటి కుండీలో మంచి మట్టి పోసి, రెండు మూడు కణుపులున్న తీగముక్కలు గుచ్చి, మట్టి ఆరకుండా మంచినీళ్లు పోస్తూ ఉండండి. కొద్ది వారాల్లో కుండీ అంతా పచ్చగా అల్లుకుంటుంది. ఏ నీళ్లతో పెరిగిందో మీకు తెలిసిన మొక్క అది!